బుక్కకూ బుక్కకూ నడుమ: నెమ్మదిగా తినడం ఎలా అలవడుతుంది

నెమ్మదిగా తినమని చెప్పని వైద్యుడు లేడు, చెప్పని పెద్దవాళ్లూ లేరు. అయినా ఆ మాట విని తినే వేగాన్ని నిజంగా మార్చుకున్నవాళ్లు చాలా తక్కువ. దీన్ని తినేవాళ్ల నిర్లక్ష్యంగానో, నోటి చాపల్యంగానో చూడటం అలవాటైపోయింది. ఆ చూపు సరైనది కాదు. మనిషి ఎంత వేగంగా తింటాడన్నది పళ్లెంలో ఉన్న పదార్థం ఎంత మెత్తనిది, తినడానికి ఎంత సమయం దొరికింది, ఎవరితో కలిసి ఎక్కడ కూర్చుని తింటున్నాడు అనే విషయాల మీద ముందుగా ఆధారపడి ఉంటుంది. సంకల్పం వీటి తరువాతే వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో గడచిన యాభై అరవై ఏళ్లలో ఇవన్నీ మారాయి. అందువల్ల ఇక్కడి తిండినీ, ఇక్కడి పనివేళలనూ ముందు పెట్టుకుని చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది.

కడుపు నిండిందన్న సంగతి మెదడుకు ఒక్కసారిగా, ఒకే దారిలో చేరదు. జీర్ణాశయపు గోడలు సాగినప్పుడు వేగస్ నాడి ద్వారా మొదటి సంకేతం వెళుతుంది. ఆహారం కొంచెం కొంచెంగా చిన్నపేగు మొదటి భాగంలోకి దిగిన తరువాత, అందులోని కొవ్వు, మాంసకృత్తుల కారణంగా కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పేగు కింది భాగాల నుంచి జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై అనే మరో రెండు హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ మోతాదు అదే సమయంలో మెల్లగా తగ్గుతుంది. ఇవన్నీ కలిసి ‘ఇక చాలు’ అనిపించే స్థితికి రావడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని వైద్యులు చెబుతారు. ఈ లెక్క మనిషిని బట్టి, తిన్నదాన్ని బట్టి మారుతుంది కానీ, పళ్లెం ఏడెనిమిది నిమిషాల్లో ఖాళీ అయితే ఈ సంకేతాల్లో అధిక భాగం రాకముందే రెండోసారి అన్నం పెట్టించుకోవడం కూడా అయిపోతుందన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది. భోజనమైన అరగంటకు పొట్ట బరువెక్కి, కూర్చోవడం కష్టమై, నడుము వాల్చాలనిపించడానికి ఈ ఆలస్యం ఒక ముఖ్య కారణం.

గ్రీస్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ ఆలస్యాన్ని స్పష్టంగా చూపించింది. ఆరోగ్యంగా ఉన్న 17 మంది పురుషులకు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్‌ను ఒక రోజు 5 నిమిషాల్లో, మరొక రోజు 30 నిమిషాల్లో తినిపించి, ఆ తరువాత కొన్ని గంటల పాటు రక్తం పరీక్షించారు. తిన్న పదార్థం అదే, పరిమాణం అదే. అయినా అరగంట తీసుకుని తిన్న రోజున జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై ఎక్కువగా విడుదలయ్యాయి. గ్రెలిన్‌లో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంటే నెమ్మదిగా తినడం వల్ల ఆకలి ముందుగా చల్లారుతుందని కాదు, తృప్తి గట్టిగా ఏర్పడుతుందని అర్థం చేసుకోవాలి.

ఇంతకంటే ఆలోచింపజేసేది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగం. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారాన్ని, రెండు వారాలు ఇంటివంటకు దగ్గరగా ఉండే ఆహారాన్ని పెట్టారు. రెండు రకాల భోజనాల్లోనూ ముందుంచిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సరిసమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినే స్వేచ్ఛ ఇచ్చారు. ప్రాసెస్ చేసిన ఆహారం తిన్న వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువగా తిన్నారు, బరువు పెరిగారు, నిమిషానికి తినే పరిమాణం కూడా ఎక్కువగా ఉంది. వేగంగా తినమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మెత్తగా ఉండి, నమిలే పని లేకుండా జారిపోయే ఆహారం తనంతట తానే చేతిని, నోటిని తొందరపెట్టింది. తినే వేగానికి, పదార్థపు మెత్తదనానికి ఉన్న ఈ సంబంధం మన తిండిలో ఎలా పనిచేస్తుందో చూడాలి.

పాలమూరు మెట్ట పల్లెల్లోనూ, నల్లగొండ జిల్లాలో సాగర్ నీళ్లు అందని గ్రామాల్లోనూ ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర ప్రధానమైన ఆహారం. వరి అన్నం పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవాళ్లు. 1967లో నాగార్జునసాగర్ నుంచి ఎడమ కాలువకు నీళ్లు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి విస్తరించింది, దాని వెంట రైస్‌మిల్లులు వచ్చాయి. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కాలువ లేని పల్లెకు కూడా అన్నాన్ని రోజువారీ తిండిగా చేర్చింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లోనే ప్రారంభమైన రేషన్ సన్నబియ్యం పంపిణీతో దొడ్డు బియ్యం స్థానంలో సన్న బియ్యం వచ్చింది. కరువు మాత్రమే తెలిసిన ఇళ్లకు ఈ మార్పు ఎంత ఊరటనిచ్చిందో ఇక్కడి వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. దాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ తినే వేగం దృష్టితో చూస్తే, నమలక తప్పని తిండి నుంచి నమలకుండానే దిగిపోయే తిండికి ఈ ప్రాంతం మారింది.

జొన్న రొట్టె తినే తీరును గమనిస్తే ఈ తేడా తెలుస్తుంది. మరిగే నీళ్లు పోసి కలిపిన పిండిని పీట మీద అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు అద్ది కాల్చిన రొట్టెను ఒంటి చేత్తో తుంచడానికే కొంత బలం కావాలి. తుంచిన ముక్కను మడిచి, పప్పునో, వంకాయ కూరనో, పల్లి తొక్కునో దానితో తీసుకుని నోట్లో పెట్టుకుంటారు. గోధుమలో ఉండే సాగుడు గుణం జొన్నపిండికి లేదు కనుక ముక్క నోట్లో పొడిపొడిగా విడిపోతుంది. లాలాజలంతో తడిసి ముద్దయ్యే దాకా మింగుడుపడదు. చల్లారిన రొట్టె అయితే ఇంకా గట్టిపడుతుంది. దవడ తన పని ముగించే దాకా చేయి ఆగక తప్పదు. ఇదే మనిషి వేడి అన్నంలో పప్పుచారో, పచ్చిపులుసో పోసుకుని కలిపినప్పుడు చూస్తే, నోట్లోని బుక్క పూర్తిగా దిగకముందే వేళ్లు పళ్లెంలో తరువాతి బుక్కను సిద్ధం చేసి ఉంచుతాయి. పులుసు తడికి అన్నం నాలుగైదు నములుళ్లకే గొంతు దాటుతుంది. రెండు చోట్లా మనిషి స్వభావం ఒకటే, ఆకలి ఒకటే. మారినది పళ్లెంలోని పదార్థం మాత్రమే.

పాత తిండి అంతా నమిలి తినేదేనని అనుకోవడం కూడా పొరపాటే. జొన్న రవ్వను ఉడికించి చేసే గట్క మెత్తనిది, అంబలి తాగేది. వాటికీ జొన్న రొట్టెకీ ధాన్యం ఒకటే అయినా తినే వేగంలో పోలిక లేదు. కాబట్టి చిరుధాన్యాలకు మారితే చాలు, అన్నీ సర్దుకుంటాయన్న ప్రచారాన్ని యథాతథంగా తీసుకోనక్కరలేదు. ధాన్యం పేరుతో పాటు అది ఏ రూపంలో పళ్లెంలోకి వస్తోందన్నది కూడా చూడాలి. రాగి మాల్ట్ తాగినవాళ్లకు, అదే రాగితో చేసిన రొట్టె తిన్నవాళ్లకు కలిగే తృప్తి ఒకేలా ఉండదు.

ఇక సమయం సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, కార్మికుడు 5 గంటలకు మించి ఏకధాటిగా పనిచేయకుండా మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ వైపు పరిశ్రమల్లో పనిచేసే వేలాది మందికి ఈ అరగంట రోజూ అనుభవంలో ఉన్న విషయమే. పని బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని, క్యాంటీన్ దాకా నడిచి, వరుసలో నిలబడి, మళ్లీ గంట మోగే లోపు తిరిగి రావడం ఇదంతా ఆ అరగంటలోనే జరగాలి. తినడానికి నికరంగా మిగిలేది పది పన్నెండు నిమిషాలే అయినప్పుడు నెమ్మదిగా తినమన్న సలహా ఆ మనిషికి ఎందుకూ పనికిరాదు.

పొలం పనుల్లో ఈ లెక్క మరో విధంగా ఉంటుంది. రోజు కూలికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం చెట్టు కింద సద్ది విప్పుకుని, ఒకరి కూర ఒకరు రుచి చూస్తూ, మాట్లాడుకుంటూ తింటారు. అదే మనుషులు కిలో లెక్కన డబ్బులిచ్చే పత్తి ఏరుడుకు వెళ్లినప్పుడు సద్ది తినడం నిలువుకాళ్ల మీద ముగుస్తుంది, ఎందుకంటే తిన్నంతసేపూ కూలి పోతున్నట్టే లెక్క. వలస వెళ్లి భవన నిర్మాణంలో చేరిన పాలమూరు కూలీకి, జాతీయ రహదారి మీద బండి నడిపే డ్రైవర్‌కు కూడా ఇదే పరిస్థితి. ఏళ్ల తరబడి ఇలా తిన్న మనిషి ఆదివారం ఇంట్లో తీరికగా కూర్చున్నా అదే వేగంతో తింటాడు, ఎందుకంటే చేయి అప్పటికే ఆ వేగానికి అలవాటుపడి ఉంటుంది.

చాలా ఇళ్లలో ఆడవాళ్ల భోజనం కూడా తొందరగానే ముగుస్తుంది. అందరికీ వడ్డించి, చివర మిగిలింది పళ్లెంలో పెట్టుకుని, అంట్ల పనో, పిల్లల పనో, సీరియల్ సమయమో తరుముతుండగా గిన్నె పక్కనే కూర్చుని నాలుగు బుక్కలు ముగిస్తారు. ఆ పూట కూర తక్కువైతే పచ్చడి మెతుకులతోనే సరిపెట్టుకుంటారు. ఇలాంటి భోజనంలో వేగమూ ఎక్కువే, కూరతో పోలిస్తే అన్నం వాటా కూడా ఎక్కువే. ఈ ఇబ్బందికి మందు తినే స్త్రీ చేతిలో లేదు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ఇంటిల్లిపాది ఒకేసారి కూర్చుని, ఎవరికి కావాల్సింది వాళ్లు వడ్డించుకుంటే ఆమె భోజనానికీ ఇరవై నిమిషాలు దొరుకుతాయి. నెమ్మదిగా తినడం గురించి మాట్లాడే చాలామంది ఈ సంగతిని పట్టించుకోకపోవడం విచారకరం.

పళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల్లో తరతరాలుగా తాగిన బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను దెబ్బతీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉండాలని సూచించిన ఫ్లోరైడ్, ఈ ప్రాంతపు భూగర్భజలాల్లో ఎన్నో రెట్లు అధికంగా ఉండేది. ఫ్లోరైడ్ వల్ల పళ్లకు వచ్చే జబ్బు, అంటే దంత ఫ్లోరోసిస్, తీవ్రమైతే పంటి పైపొర అయిన ఎనామెల్ గుంటలు పడి పెచ్చులూడుతుంది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాక పెరుగుతున్న పిల్లల పళ్లకు ఆ ముప్పు తగ్గినా, అప్పటికే పళ్లు దెబ్బతిన్న పెద్దవాళ్లకు అవి తిరిగి రావు. పళ్లు అరిగినవాళ్లు, ఊడినవాళ్లు మెత్తని అన్నాన్నే ఎంచుకుంటారు, దాన్ని దాదాపు మింగేస్తారు. వాళ్లకు నములుడు గురించి చెప్పేకంటే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి కట్టుడు పళ్లు పెట్టించడం ఎక్కువ మేలు చేస్తుంది.

మరి, సమయమూ పళ్లూ ఉన్నవాళ్లు ఈ అలవాటు ఎలా చేసుకోవాలి? బుక్కకు ముప్పై రెండు సార్లు నమలాలన్న లెక్క చాలా ప్రచారంలో ఉంది. అమెరికాలో హొరేస్ ఫ్లెచర్ (1849–1919) అనే ఆయన ఆహారం నోట్లోనే నీరయ్యే దాకా నమలాలని ఊరూరా బోధించి పెద్ద పేరు సంపాదించాడు. కొంతకాలం ఆ పద్ధతి చాలామందిని ఆకర్షించి, ఆ తరువాత కనుమరుగైంది. లెక్కపెడుతూ తినడం రెండు మూడు పూటలకే విసుగు పుట్టిస్తుంది, రుచి మీద నుంచి ధ్యాసను అంకెల మీదకు మళ్లిస్తుంది. పైగా పెరుగన్నానికి, పల్లీలకు ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

లెక్క కంటే చేతిని ఆపడం సులువు. నోట్లో ఉన్నది పూర్తిగా మింగే దాకా వేళ్లు అన్నంలో పెట్టకుండా, చేయిని పళ్లెం అంచు మీద ఉంచితే చాలు. మొదటి రోజుల్లో చేయి తనకు తెలియకుండానే కలపడం మొదలుపెడుతుంది. గమనించిన ప్రతిసారీ ఆపాలి, అంతే. దీనితో పాటు బుక్క పరిమాణం తగ్గించాలి. అరచేయంతా నిండే ముద్ద కాకుండా వేళ్ల కొసలతో పట్టేంత తీసుకుంటే, అదే అన్నం నోట్లో గడిపే మొత్తం సమయం పెరుగుతుంది. చిన్న బుక్కలతో తిన్నవాళ్లు మొత్తం మీద తక్కువ తిని తృప్తి పడతారని పలు ప్రయోగాల్లో తేలింది.

తొందరంతా మొదటి ఐదు నిమిషాల్లో ఉంటుందన్నది గుర్తించడం కూడా అవసరం. పొద్దున చాయ్ బిస్కెట్‌తో సరిపెట్టి మధ్యాహ్నం మూడు గంటలకు పళ్లెం ముందు కూర్చున్న మనిషి ఎంత నిగ్రహం ఉన్నా నెమ్మదిగా తినలేడు. పదకొండు గంటలకు ఇన్ని బొబ్బెర గుడాలో (ఉడికించిన బొబ్బర్లు), శనగ గుడాలో, గుప్పెడు పల్లీలో తింటే ఆ ఆత్రం ఉండదు. గుడాలు నమలక తప్పని తిండి, మాంసకృత్తులు, పీచు కలిగినవి. వాటిని తరతరాలుగా చిరుతిండిగా వాడుకుంటున్న ప్రాంతంలో వాటి స్థానాన్ని బిస్కెట్ ప్యాకెట్లు ఆక్రమించడం నష్టమే.

వడ్డన క్రమం కూడా వేగాన్ని శాసిస్తుంది. బంతిలో కూర్చోబెట్టి పెట్టే భోజనంలో పప్పు తరువాత కూర, కూర తరువాత చారు, చివర పెరుగు వచ్చేవి. వడ్డించేవాళ్లు వరుస చివరి దాకా వెళ్లి తిరిగి వచ్చే వరకు ఆగాల్సి వచ్చేది, పక్కవాళ్లు తినడం పూర్తయ్యే దాకా లేవడం మర్యాద అనిపించుకునేది కాదు. ఇప్పటి దావత్‌లలో బగారన్నం, మటన్, పెరుగు పచ్చడి అన్నీ ఒకే పళ్లెంలో ఒకేసారి వేయించుకుని నిలబడి తినడంలో ఆ విరామాలు పోయాయి. ఇంట్లోనైనా అన్నీ ఒకేసారి కుప్పపోసుకోకుండా, మొదట కొంచెం కూర, తరువాత కొద్దిపాటి అన్నం, కొంత ఆగి అవసరమైతే రెండోసారి అని విడదీసుకుంటే పాత క్రమం చేసిన మేలు తిరిగి దక్కుతుంది. నలుగురితో కలిసి తినడం వల్ల వేగం తగ్గుతుంది కానీ, మాటల్లో పడి ఎక్కువసేపు కూర్చుని ఎక్కువ తినే వీలు కూడా ఉందని పరిశోధనలు చెబుతాయి. అందువల్ల దావత్‌లో నెమ్మదితో పాటు పరిమాణం మీద కూడా కన్ను ఉండాలి. ఫోన్ చూస్తూ తినడం మాత్రం ఏ లెక్కన చూసినా నష్టమే. ధ్యాస తెర మీద ఉన్నప్పుడు ఎంత తిన్నామో గుర్తుండదు, సాయంత్రం మళ్లీ ఆకలి వేసినట్టు అనిపిస్తుంది.

అలవాటు మారదన్న నిరాశకు తావు లేదు. స్థూలకాయం ఉన్న 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు బ్రిటన్‌లో పళ్లెం కింద ఒక చిన్న త్రాసు పెట్టి, తినే వేగాన్ని తెర మీద చూపిస్తూ శిక్షణ ఇచ్చారు. ఏడాది తరువాత, మామూలు చికిత్స పొందిన పిల్లల కంటే వాళ్ల బరువు ఎక్కువగా అదుపులోకి వచ్చిందని 2010లో ప్రచురించారు. అదే దేశంలో కవల పిల్లలను పరిశీలించిన మరో బృందం, తినే వేగంలో పుట్టుకతో వచ్చే గుణం వాటా కూడా ఉందని 2008లో చెప్పింది. ఒకే ఇంట్లో ఒక పిల్లవాడు గబగబా తినడం, మరొకడు పళ్లెం ముందు గంటసేపు కూర్చోవడం పెంపకంలోని లోపం కాకపోవచ్చు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి గద్దించడం వల్ల భోజనం అంటే భయం మాత్రమే మిగులుతుంది.

నెమ్మదిగా తినడం నుంచి అతిగా ఆశించకూడదు కూడా. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. సింగపూర్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, అన్నాన్ని బుక్కకు 15 సార్లు నమిలినప్పటి కంటే 30 సార్లు నమిలినప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరిగింది. మెత్తగా నలిగిన గింజ మీద జీర్ణరసాలు తొందరగా పనిచేయడమే దీనికి కారణం. పళ్లెం నిండా తెల్లన్నమే ఉంటే ఎంత నెమ్మదిగా తిన్నా చక్కెర పెరగక మానదు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, పిండిపదార్థాన్ని చివరకు ఉంచితే చక్కెర పెరుగుదల తగ్గుతుందని న్యూయార్క్ పరిశోధకులు 2015లో చూపించారు. మన పద్ధతిలో కూరను అన్నంలో కలుపుకునే తింటాం కాబట్టి, ఆ కూరలో సగాన్ని, లేదా ఒక గిన్నెడు గుడాలను అన్నానికి ముందే తినడం ఇక్కడ కుదిరే మార్గం. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తినే సమయాన్ని బాగా పెంచదలచుకుంటే వైద్యుడిని అడిగి చేయాలి. మింగడంలో ఇబ్బంది ఉండి నెమ్మదిగా తింటున్న వృద్ధుల విషయం వేరు. అది అలవాటు కాదు, పరీక్ష చేయించాల్సిన లక్షణం.

ఈ అలవాటు పడేది చిన్నతనంలోనే కనుక వసతి గృహాలు, గురుకులాలు, మధ్యాహ్న భోజనం పెట్టే బడుల మీద ఎక్కువ శ్రద్ధ అవసరం. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడిన పిల్లల్లో చివరివాళ్లకు అన్నం చేరేసరికి ముందువాళ్లు లేచిపోతుంటారు. రెండోసారి వడ్డన ముగిసేలోపు మళ్లీ వెళ్లకపోతే కూర అయిపోతుందన్న భయం మొదటి పళ్లెం తినే వేగాన్ని నిర్ణయిస్తుంది. పిల్లలను కూర్చోబెట్టి వడ్డించడం, రెండోసారి పెట్టే కూరను ముందే వేరుగా తీసి ఉంచి అది అందరికీ అందుతుందని చెప్పడం, రెండో వడ్డనను మొదటిదానికి పావుగంట తరువాత మాత్రమే మొదలుపెట్టడం, ఆ తరువాతి పీరియడ్ గంటను పది నిమిషాలు ఆలస్యంగా కొట్టడం వంటి ఏర్పాట్లకు అదనపు నిధులు అక్కరలేదు. ప్రధానోపాధ్యాయుడు, వార్డెన్, వంట చేసేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.